గోలు కాడి పెద్దమ్మ

కిందటి వారం మా స్టేడియంలో గడ్డి మళ్ళీ పీకేశారు. ప్రాక్టీసు లేదని ముందుగా ఒక ఫోన్ కొట్టే మర్యాద ఆ ఆఫీసులో ఎవరికీ లేదు కాబట్టి, పొద్దున్నే టీమ్ పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాను. లోపల్నుంచి టిప్పర్లు మట్టి నింపుకుని ఒకదాని వెనక ఒకటి బయటికొస్తున్నాయి. మామూలుగా అయితే అక్కడున్న సెక్యూరిటీ అతనికి నాలుగు చివాట్లు పెట్టి వచ్చేదాన్ని. ఆ విషయంలో నాకు మంచి పేరే ఉంది. ఆ రోజు మాత్రం చెయ్యెత్తి ఒక టిప్పరుని ఆపాను.

"ఈ మట్టి ఎక్కడికి తీసుకెళ్తున్నావయ్యా?"

డ్రైవరు నన్ను ఎగాదిగా చూశాడు. "మట్టి యాడికి పోతే మీకేంది మేడం? యాడ పొయ్యమంటే ఆడ పోస్తం."

అతని తప్పేం లేదు. పీటీ టీచరుకి మట్టి లెక్కలెందుకు? టిప్పరు కదిలిపోయాక మా గోల్‌కీపర్ శ్రావణి నా పక్కకొచ్చి నెమ్మదిగా, "పెద్దమ్మ ఉంటే ఏడ్చేది మేడం" అంది.

ఆవిడ ఏడ్చే మనిషి కాదు. నేనడిగిన ప్రశ్నే అడిగేది. అసలు ఆ ప్రశ్న నాది కాదు, ఆవిడదే. పోయిన వానాకాలంలో ఆవిడ పోయింది. ప్రశ్న నా దగ్గర మిగిలింది.

స్టేడియం పేరు చెప్పను. చెప్పినా కొన్నాళ్ళకి ఇంకో పేరు పెడతారు. నానక్‌రామ్‌గూడ దాటాక, అద్దాల బిల్డింగుల మధ్య ఉంటుంది. దేశాల మధ్య జరిగే ఫుట్‌బాల్ మ్యాచులు అక్కడ ఆడతారు, టీవీలో చూపిస్తారు, వ్యాఖ్యాతలు దాని గురించి గుండెలు పొంగిపోయేలా మాట్లాడతారు. మ్యాచుల్లేని రోజుల్లో మాలాంటి బళ్ళకీ, సాఫ్ట్‌వేర్ కంపెనీల ఆదివారపు టోర్నమెంట్లకీ ఇస్తారు. నేను నల్లగండ్లలో ఒక ప్రైవేటు బడిలో పీటీ టీచర్ని. పుట్టింది తెనాలి దగ్గర. ఈ ఊరొచ్చి పాతికేళ్ళయినా నేను నోరు తెరవగానే "మీరు ఆంధ్రా కదా మేడం" అంటారు. అననీయండి.

పెద్దమ్మని మొదటిసారి చూసినప్పుడు ఆవిడ మీద కేకలేశాను. ఇంకో బడితో మాకు మ్యాచ్ జరుగుతోంది. బంతి అటు చివర ఉంది. ఇటు చూస్తే మా శ్రావణి గోల్‌పోస్ట్‌కి ఆనుకుని దర్జాగా ఏదో నములుతోంది. వల వెనక ఒక ముసలావిడ గొంతుక్కూర్చుని, వల కన్నాల్లోంచి ఒక్కో పల్లీ అందిస్తోంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. విజిల్ ఊదుకుంటూ పరిగెత్తాను.

"ఎవరమ్మా నువ్వు? ఆట జరుగుతుంటే తిండేంటి? లోపలికెవరు రానిచ్చారు నిన్ను?"

ఆవిడ లేవలేదు. చిన్న మనిషి. నల్లగా, గట్టిగా, ఎండలో ఆరబెట్టిన చింతపండులా ఉంది. ముక్కుకి రెండు వైపులా పుడకలు, ముంజేతి నిండా వెలిసిపోయిన పచ్చబొట్లు. నన్ను తీరిగ్గా చూసి, "తిననియ్యి పంతులమ్మా" అంది. "అందరు ఉరుకుతుండ్రు, ఆడుతుండ్రు. ఇది ఒక్కతే కావలి కాస్తున్నది. కావలి కాసేటోళ్ళకు జర ఏమన్న పెట్టాలె గద."

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. నవ్వితే ఇంక మన మాట ఎవరు వింటారు? బయటికి పొమ్మని చెప్పి వచ్చేశాను. ఆవిడ పోలేదు. రెండో సగంలో టీములు వైపులు మారాయి. మా శ్రావణి అటు చివరికి వెళ్ళింది, అవతలి బడి గోల్‌కీపర్ ఇటొచ్చింది. పెద్దమ్మ మాత్రం కూర్చున్న చోటునుంచి అంగుళం కదల్లేదు. మిగిలిన పల్లీలన్నీ ఆ పిల్లకి పెట్టింది. ఆ పిల్ల మేం కొట్టిన బంతులన్నీ ఆపింది. మేం ఓడిపోయాం.

మ్యాచ్ అయ్యాక మళ్ళీ వెళ్ళాను. ఈసారి కోపం కన్నా కుతూహలమే ఎక్కువ. "ఇదేం న్యాయం పెద్దమ్మా? మా పిల్లకి తినిపించి, మళ్ళీ వాళ్ళ పిల్లకి పెడతావా? ఇంతకీ నువ్వు ఎవరి పక్క?"

"నాకు మీ పిల్ల, వాళ్ళ పిల్ల అని లేదు పంతులమ్మా. గీడ ఎవరు నిలవడితే వాళ్ళే నా పిల్ల."

ఆ తర్వాత ఆవిడని గమనించడం నాకొక అలవాటైంది. గేటులోంచి చూస్తే ఎడమ చేతి వైపు గోలు ఆవిడది. కుడివైపు గోలు ఉందని కూడా ఆవిడకి తెలియదనుకునేదాన్ని. ఆ గోలు కాపలా కాసేవాళ్ళెవరైనా సరే, "చిట్టీ" అని పిలిచేది. ఆదివారాలు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళ టోర్నమెంటు ఉండేది. గడ్డాలు, పొట్టలు ఉన్న గోల్‌కీపర్లను కూడా చిట్టీ అనే పిలిచి పల్లీలు పెట్టేది. వాళ్ళు సిగ్గుపడుతూ తినేవాళ్ళు. ఒక మేనేజరు గారు, అంత పెద్ద మనిషి, మోకాళ్ళ మీద కూర్చుని వల కన్నంలోంచి నోరు తెరవడం నా కళ్ళతో చూశాను.

గడ్డి మీదికి వచ్చేముందు చెప్పులు విప్పేది. మా పిల్లల బూట్ల కింద ముళ్ళుంటాయి కదా, వాటిని చూస్తే ఆవిడ మొహం ముడుచుకుపోయేది. "గా ముల్ల చెప్పులు జర మెల్లగ వెయ్యుర్రి బిడ్డా" అనేది. గోల్‌కీపర్ దూకినప్పుడు గడ్డి పెళ్ళ లేచొస్తే, ఆట ఆగేదాకా ఓపిక పట్టి, వెళ్ళి ఆ పెళ్ళని తీసి మళ్ళీ కన్నంలో పెట్టి, అరచేత్తో అద్ది, కాసిన్ని నీళ్ళు చిలకరించేది. పెనాల్టీ కిక్ అంటే కొంగు కళ్ళ మీదికి లాక్కునేది. గోలు పడితే ఒక్కసారి భుజాలు ఎగరేసి నిట్టూర్చేది. ఏ టీముకి పడ్డా అంతే. అలవాటు లేని వాళ్ళు ఆవిడకి కొంచెం తేడా అనుకునేవాళ్ళు. నిజం చెప్పొద్దూ, నేనూ అదే అనుకున్నాను.

విషయం తెలిసింది పెత్రమాస నాడు. మా వైపు దాన్ని మహాలయ అమావాస్య అంటాం, పోయినవాళ్ళని తలుచుకుంటాం. ఇక్కడ ఆ రోజే బతుకమ్మ మొదలవుతుంది. పొద్దున్నే మ్యాచుందని పిల్లల్ని తీసుకెళ్ళాను. గేటు దగ్గర కొత్త సెక్యూరిటీ అతను పెద్దమ్మని ఆపేశాడు. ఆవిడ చేతిలో ఒక చిన్న పళ్ళెం, దాని మీద పైట కొంగు కప్పి ఉంది. ఆవిడ కొడుకు నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటో నడుపుతాడు. అతను పక్కనే నిలబడి ఆ కొత్తతన్ని బతిమాలుతున్నాడు. పాత సెక్యూరిటీ వాళ్ళందరూ అతనికి తెలుసు, పక్క గేటులోంచి వదిలేవాళ్ళు. ఇతను వినడం లేదు.

"ఆవిడ మా గోల్‌కీపర్ అమ్మమ్మ. మా టీముతో వచ్చింది. దారివ్వు" అన్నాను. నా గొంతు అలాంటప్పుడు బాగా పనికొస్తుంది.

లోపలికొచ్చాక ఆవిడ చెప్పులు విప్పి, ఎడం గోలు దగ్గరికెళ్ళి, పోస్టుకి కొంచెం ముందు కూర్చుని కొంగు తీసింది. పళ్ళెంలో చిన్న బతుకమ్మ. పెద్దవాళ్ళు పేర్చేది కాదు, చిన్నపిల్లలకి పేర్చిచ్చే పిల్ల బతుకమ్మ. కింద గుమ్మడాకు, దాని మీద తంగేడు, గునుగు, పైన ఒక్క బంతిపువ్వు. పక్కన నువ్వుల ముద్ద. బతుకమ్మని గడ్డి మీద పెట్టి, చుట్టూ తిరిగింది. పాట లేదు, చప్పట్లు లేవు. ఆడవాళ్ళు గుంపుగా ఆడే ఆట అది. ఒక్కతే తిరుగుతుంటే చూడలేకపోయాను.

మా పిల్లల్ని దూరంగా వార్మప్‌కి పంపేసి ఆవిడ పక్కన కూర్చున్నాను.

"ఎవరు పెద్దమ్మా?"

"నా బిడ్డ. చిట్టి."

ఆ స్టేడియం చరిత్ర కావాలంటే గేటు పక్కన నల్లరాతి పలక మీద ఉంది. ఎవరు పునాది రాయి వేశారు, ఎవరు రిబ్బన్ కత్తిరించారు, ఎంతమంది కూర్చోవచ్చు, అన్నీ చెక్కారు. పెద్దమ్మ చెప్పిన చరిత్ర వేరు. అక్కడ జొన్న, కంది వేసేవాళ్ళు. మిగతాదంతా పెద్ద పెద్ద రాతి గుండ్లు, సీతాఫలం పొదలు. వాళ్ళలో పోయినవాళ్ళని కాల్చరు, సొంత పొలంలోనే పూడుస్తారు. చిట్టికి అప్పటికింకా పాలపళ్ళు ఊడుతున్నాయట. జ్వరం వచ్చింది, పట్నం దవాఖానకి తీసుకుపోయేలోపే దారిలో పోయింది. పొలం గట్టు పక్కన పూడ్చి, గుర్తుకొక రాయి పెట్టారు. సమాధి కట్టలేదు, చిన్నపిల్లలకి కట్టరు. కొన్నేళ్ళకి స్టేడియం వస్తోందన్నారు.

"పెద్దోళ్ళ సమాధులు ఉన్నోళ్ళు తవ్వుకొని, బొక్కలు ఏరుకొని కొత్త జాగకు తీస్కపోయిన్రు. కొలతలకు వచ్చిన సారు మా పొలంల నిలవడి, గీడ ఏమన్న ఉన్నదా అని అడిగిండు. మా ఆయన ఏం లేదు సారు అన్నడు. నేను పక్కనే ఉన్న. నేను గూడ ఏమనలె."

"ఎందుకనలేదు పెద్దమ్మా?"

"ఉన్నదంటే తవ్వాలె గద. తవ్వితే చూడాలె. మా ఆయనకు గుండె చాలలె. నాకు గూడ చాలలె."

మా కిట్టు సంచీలో నీళ్ళ సీసా ఉంటే తీసిచ్చాను. తాగలేదు.

తరవాత ఆవిడ ఆ చోటు ఎలా గుర్తుపట్టిందో చెప్పింది. స్టేడియం కట్టాక పొలమూ లేదు, గట్టూ లేదు, రాయీ లేదు. కానీ అవతల గుట్ట మీద ఒక గుండు మీద ఇంకో గుండు నిలబెట్టినట్టుండేది. వాళ్ళ గట్టు మీద నిలబడితే అది సూటిగా ఎదురుగా కనిపించేది. స్టేడియం తెరిచిన కొత్తలో జనంతోపాటు లోపలికొచ్చి, ఆ గుండ్లని చూసుకుంటూ నడిచి, చోటు పట్టుకుంది. అక్కడ గోల్‌పోస్టులు పాతి ఉన్నాయి. మంచిదే అనుకుంది. గుర్తు రాయి పోయినా ఇనప కట్టెలు నిలిచాయి, పైగా ఎవరో ఒకరు ఎప్పుడూ కాపలా ఉంటారు. కొన్నాళ్ళకి గుట్టకీ స్టేడియానికీ మధ్య అద్దాల బిల్డింగు లేచి గుండ్లు కనపడకుండా పోయాయి. ఆ తర్వాత గుండ్లనే పేల్చేశారు. అప్పట్నుంచి ఆవిడకి ఆ గోలే ఆధారం.

"మరి నిమజ్జనం?" అన్నాను. బతుకమ్మని నీళ్ళలో వదలాలి కదా.

ఆవిడ గ్రౌండుకి నీళ్ళు పట్టే పైపు చూపించింది. అక్కడి తోటమాలిని అడిగి, పైపు అటు తిప్పించుకుని, నీళ్ళు పడుతుంటే పూలని ఒక్కొక్కటిగా విప్పి గడ్డిలో వదిలింది. నువ్వుల ముద్దలో సగం శ్రావణిని పిలిచి పెట్టింది. ఏం తింటోందో దానికి తెలియదు. మ్యాచ్ మొదలయ్యాక మా పిల్లలు ఆ గోలు ముందు పరిగెడుతుంటే ఒక్క కేక కూడా వెయ్యలేదు. ఎన్నేళ్ళుగా "తొక్కండి, దూకండి, పడితే పడండి" అని అరిచానో అక్కడ నిలబడి.

ఆ చలికాలంలో స్టేడియంలో ఏదో పాటల కచేరీ పెట్టారు. స్టేజీ సరిగ్గా ఎడం గోలు మీదే వేశారు. క్రేన్లు, లారీలు, ఇనప దూలాలు. మూడు సందుల అవతలికి కూడా ఆ చప్పుడు వినిపించింది. నేను సాయంత్రం అటునుంచి వెళ్తుంటే పెద్దమ్మ గేటు బయట ఫుట్‌పాత్ మీద కూర్చుని ఉంది. పొద్దుట్నుంచీ అక్కడే ఉందట. నన్ను చూసి, "గా కిరేను ఎంత బరువుంటది పంతులమ్మా?" అని అడిగింది. తెలియదన్నాను. "నువ్వు సదువుకున్నదానివి గద" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే నాకు తెలుస్తుందనుకుంది. ఆవిడ పక్కన కాసేపు కూర్చున్నాను. ఆ పాటల హోరులో ఇద్దరం మాట్లాడుకోవడానికి కుదరలేదు.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. బయటి దేశాల టీములొస్తున్నాయని స్టేడియం మూసేసి, గడ్డి మార్చి, పరుగుల ట్రాక్ తగ్గించి మైదానం పొడుగు చేసి, చాలా నెలలకి తెరిచారు. తెరిచిన మొదటి వారమే వెళ్ళాం. లోపల అడుగు పెట్టగానే నాకు తేడా తెలిసింది. నీళ్ళ పైపు మీద ఇనప మూత ఒకటి ఉండేది. అంతకుముందు అది ఎడం గోలు వెనక ఉండేది, ఇప్పుడు గోలుకి ముందుకి వచ్చింది. గోలుని వెనక్కి జరిపారు.

పెద్దమ్మ కూడా వచ్చింది. అన్ని నెలలు దూరంగా ఉన్నదాన్ని చూడ్డానికొచ్చినట్టు కొత్త చీర కట్టుకుంది. చెప్పులు విప్పి, సరాసరి ఇనప కట్టెల దగ్గరికెళ్ళి కూర్చుని, గడ్డి మీద చెయ్యి వేసి నిమిరింది. చెప్పాలా వద్దా అని నాలో నేను కొట్టుకోలేదు. నాకు అలాంటివి చేతకావు. వెళ్ళి చెప్పేశాను.

"పెద్దమ్మా, గోలు జరిపారు. నువ్వు కూర్చుంది ఆ చోటు కాదు."

ఆవిడ చెయ్యి గడ్డి మీద ఆగిపోయింది. "ఎటు జరిపిన్రు?"

"వెనక్కి. ఎంతో సరిగ్గా తెలియదు."

"ఎవరికి ఎర్కుంటది?"

"ఆఫీసులో సూపర్‌వైజర్ ఉన్నాడు."

"పా పోదాం. అడుగు."

ఇద్దరం వెళ్ళాం. ఆ సూపర్‌వైజర్ మంచివాడే, అబద్ధం చెప్పకూడదు. కుర్చీ వేసి ఆవిడని కూర్చోబెట్టాడు. తన నాన్న కూడా ఈ స్టేడియం కట్టేటప్పుడు అక్కడే పని చేశాడట, కథలు కథలుగా చెప్పేవాడట. గోలు ఎంత జరిగిందో చెప్పాడు. నేను తల ఊపుతున్నాను. అంతలో అతను ఊరికే, మాట వరసకి, ఇంకో ముక్క అన్నాడు.

"అయినా అమ్మా, పాత జాగ ఏముంటది ఇక్కడ? మొదట ఇదంతా ఏటవాలు ఉండె. ఈ ఎడమ పక్క ఎత్తు, ఆ కుడి పక్క పల్లం. ఎత్తున్న కాడ మనిషి లోతుకన్న ఎక్కువ కోసి, పల్లంల పోసి చదును చేసిన్రు. మిగిలిన మట్టి బయటికి పంపిన్రు. మా నాయిన లారీలు లెక్క పెట్టేటోడు."

పెద్దమ్మ కుర్చీలో ముందుకి వంగింది. "బయటికంటె యాడికి నాయినా?"

"రోడ్డుకు అమ్మా. గీ ముందల పెద్ద రోడ్డు గట్టు పోసిన్రు కదా, దానికి."

ఆవిడ గుండ్లని చూసుకుని గీసుకున్న గీత తప్పు కాదు. చోటు సరిగ్గానే పట్టింది. ఆ చోటులో ఉండాల్సిన మట్టే ముందే వెళ్ళిపోయింది. అన్నేళ్ళు ఆవిడ పల్లీలు పెట్టింది, గడ్డి అద్దింది, పూలు పెట్టింది, అంతా ఖాళీ జాగాకే. ఇదంతా నాకు ఆ గదిలో నిలబడ్డ క్షణంలోనే అర్థమైంది. ఆవిడకి నాకన్నా ముందే అర్థమైందనుకుంటాను. ఆ సూపర్‌వైజర్ నోరు కట్టేయాలనిపించింది, పాపం అతనికేం తెలుసు?

"సగం మట్టి అటు పక్క, సగం రోడ్డు కింద" అంది పెద్దమ్మ, ఎవరితోనో కాదు, తనలో తనే. "నా బిడ్డ ఏ లారీల వోయిందో."

సూపర్‌వైజర్ మొహం తెల్లబోయింది. నా వైపు చూశాడు. ఏం లేదని సైగ చేసి ఆవిడని లేవదీశాను. దారిలో ఒక్క మాటే అంది. "గప్పుడు ఉన్నది సారు అని నోరు తెరిస్తే అయిపోవు."

ఇంక రాదనుకున్నాను. వారం దాటాక వచ్చింది. ఎడం గోలు దగ్గరికెళ్ళి శ్రావణికి పల్లీలు పెట్టింది. అక్కడితో ఆగలేదు. లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ, గ్రౌండు అంచంతా చుట్టి, జీవితంలో మొదటిసారి కుడివైపు గోలు దగ్గరికి వెళ్ళింది. అక్కడున్న పిల్ల కొత్తది, ఆవిడని ఎరగదు. "చిట్టీ, గిది తీస్కో బిడ్డా" అంటే ఆ పిల్ల నా వైపు చూసింది. తీసుకోమన్నాను. అప్పట్నుంచీ రెండు గోల్‌పోస్టుల దగ్గరా పెట్టేది. వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు మధ్యలో ఆగి ఆగి నడిచేది. ఆ నడక నాకిష్టం లేకపోయింది. అంతకుముందు ఆవిడ ఒకచోట కూర్చునే మనిషి.

మరుసటి పెత్రమాసకి బతుకమ్మ తెచ్చింది. గేటు లోపల నిలబడి అటు చూసింది, ఇటు చూసింది. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. నేను పక్కనే ఉన్నాను, నాకూ తెలియలేదు. ఎక్కడో ఒకచోట పెట్టు పెద్దమ్మా అనడానికి నోరు రాలేదు. చాలాసేపు అలాగే నిలబడి, పళ్ళెం మీద కొంగు కప్పుకుని, పెట్టకుండానే వెనక్కి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆరోగ్యం పాడైంది. కొడుకు ఆటోలో కనపడ్డప్పుడల్లా అడిగేదాన్ని. "మంచిగనే ఉన్నది మేడం, లేస్తలేదు అంతే" అనేవాడు. వానల్లో ఒకరోజు బడి దగ్గరికి వచ్చి చెప్పాడు, అమ్మ పోయిందని. అప్పటికే అన్నీ అయిపోయాయట. తల గొరిగించుకున్నాడు. స్టాఫ్ రూములో కూర్చోబెట్టి టీ ఇస్తే చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"మీ ఊరి జాగాలోనే పూడ్చారా నాయనా?" అన్నాను. వాళ్ళలో అదే కదా పద్ధతి.

"లేదు మేడం. కాల్చినం."

నేనేమీ అనకముందే తనే చెప్పాడు. "మావోళ్ళంతా కొట్లాటకొచ్చిన్రు. మనల ఎవరిని కాల్చినమురా, తల్లిని గిట్ల చేస్తవా అన్నరు. ఏం జెయ్యాలె మేడం? అమ్మ నా చెయ్యి తన నెత్తి మీద వెట్టుకొని ఒట్టు వెట్టిచ్చుకున్నది. నన్ను పూడ్చకు బిడ్డా, పూడిస్తే ఎప్పటికైన ఎవరో ఒకరు తవ్వుతరు, యాడికో తీస్కపోతరు, నువ్వు పరేషాన్ అయితవు అన్నది."

టీ చల్లారిపోయింది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగితే తుడుచుకోలేదు. పక్కన లెక్కల టీచరు ఉన్నా సరే.

"బూడిద ఎక్కడ కలిపావు?" అని అడిగాను.

"గది గూడ అమ్మనే చెప్పింది మేడం. గా పెద్ద రోడ్డు కింద మట్టి ఉన్నది గద, స్టేడియం మట్టి. పొద్దుగాల వాన పడుతుండంగ పోయి, రోడ్డు గట్టు పొడుగూత ఆటో ఆపుకుంట ఆపుకుంట, జరంత జరంత వేసిన. మా చెల్లె యాడున్నదో తెల్వదు గద. అందుకే అంతట వేసిన."

ప్రాక్టీసున్నప్పుడల్లా నల్లగండ్ల నుంచి పిల్లల్ని బడి బస్సులో తీసుకుని ఆ రోడ్డు మీదే స్టేడియానికి వెళ్తాను. గట్టు పక్క తంగేడు ఎవరూ వెయ్యకుండానే మొలుస్తుంది. రోడ్డు సంగతంతా నా నోట విన్న శ్రావణి, ఈ పెత్రమాసకి పల్లీలు ఉడకబెట్టి తెస్తానంది. గడ్డి పీకేశారు కదా, గోల్‌పోస్టులు లేవు కదా, ఎక్కడ పెడతావే అన్నాను. దానికి అది, "బస్సు మెల్లగా పోనివ్వమని చెప్పండి మేడం" అంది.